మా చెల్లెలి ఇంటి గంగ ఊచ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేకపోవడమే కాదు, వృత్తిరీత్యా వాటి మీద కొంత కోపం కూడా ఉంది. కిటికీ ఊచలు, కటకటాలు, ఇనప జాలీలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. దొంగల వల్ల నాకు బేరాలు వచ్చాయి. కోతుల వల్ల వచ్చాయి. ఒకసారి పక్కింటి పిల్లి వల్ల కూడా వచ్చింది. దయ్యం మాత్రం ఎంత ఇరుకు ఊచల్లోంచైనా దూరిపోతుందట. అలాంటి ప్రాణి వల్ల మా దుకాణానికి ఏం లాభం చెప్పండి?

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఏలూరులో నన్నెరిగినవాళ్లు నేను చెప్పే మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతారు. పిల్లకాలవలో దొరికిన చేప నా నోట పడేసరికి పడవంత అవుతుంది. దాన్ని నేను అబద్ధం అనుకోను, వినేవాళ్ల మీద గౌరవం అనుకుంటాను. పెద్దమనుషుల ముందు అంత చిన్న చేపను ఎలా పెడతాం?

అయితే ఇప్పుడు రాస్తున్నది అలా పెంచింది కాదు. రాసిన కాగితాలు మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ అలవాటు ప్రకారం పెన్సిలు తీసుకుని కూర్చుని, కొట్టేయాల్సినవన్నీ కొట్టేసింది. వరద వచ్చిన దగ్గర్నించి మాత్రం ఆవిడ పెన్సిలు ఒక్కచోటా కాగితాన్ని తాకలేదు. ఆ రోజు ఆవిడ కూడా ఆ ఊళ్లోనే ఉంది.

యాభయ్యో దశకంలో మా దుకాణం ఏలూరు కాలవ గట్టు పక్కన ఉండేది. కొత్త ఊచలు ఎవరైనా బిగిస్తారు. బిగించిన ఊచల్లో లోపం కనిపెట్టడం వేరే విద్య. అది కంటికి దొరికేది కాదు. రంగు వేసిన ఊచ పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికొడుకులాంటిది. నిటారుగా, నిగనిగలాడుతూ, జన్మలో ఏ దురలవాటూ లేనట్టు కనబడుతుంది. చిన్న సుత్తితో కొట్టి వినాలి. గట్టి ఊచ ఖంగుమంటుంది. అడుగున తుప్పు తిన్న ఊచ దగ్గుతుంది. చట్రానికి చెద పట్టి ఉంటే, మనం కొట్టిన దెబ్బ కొయ్యలోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఆ తరవాత ఊచను గుప్పిట పట్టుకుని తిప్పి చూడాలి. తిరిగిందంటే వైద్యం మొదలుపెట్టాలి. ఎత్తితే లేచిందంటే, దొంగకు తాంబూలం ఇచ్చి పిలిచినట్టే.

ఈ విద్యలో నాకు కొంత పేరుండేది. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు గోడౌనులో బస్తాలు మాయమవుతున్నాయని కబురొస్తే వెళ్లాను. రిక్షా దిగకుండానే ముక్కు ఎగబీల్చి, "వెనకవైపు మూడో కిటికీ, కుడి నుంచి రెండో ఊచ" అన్నానని ఆ ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి రిక్షా దిగాను. గోడౌనుకున్న ఊచలన్నీ మధ్యాహ్నందాకా కొట్టి చెమటలు కక్కాను. కానీ ఊళ్లో మొదటి కథే నిలబడింది. ఊరి మాట కాదనడానికి నేనెవర్ని?

మా చెల్లెలు మాణిక్యాన్ని కొల్లేటి లంక గ్రామంలో ఇచ్చాం. కలిదిండి వైపు. ఊరి పేరు రాస్తే మా బావగారు మళ్లీ నన్ను గడప తొక్కనివ్వరు గనక రాయను. చుట్టూ నీళ్లు, మధ్యన మెరక, ఆ మెరక మీద ఇళ్లు. బస్సు దిగి, బండెక్కి, బండి దిగి, తాటిదోనె ఎక్కి, దోనె దిగి బురదలో నడిస్తే వాళ్ల ఇల్లు. నేను చేరేసరికి నా బరువులో సగం బురదే ఉండేది.

వాళ్ల ఇల్లంతా పెంకుటిల్లు. ఒక్క గదికి మాత్రం పైన సున్నం మిద్దె. బిందెలు, గుండిగలు, చీరల పెట్టె, పందిరిమంచం అన్నీ ఆ గదిలోనే. దానికి వసారాలోకి ఒక తలుపు, వెనక నీళ్లవైపు ఒక కిటికీ. ఆ కిటికీకి ఏడు ఊచలు.

ఒకసారి వెళ్లినప్పుడు బావగారు నన్ను నేరుగా ఆ గదిలోకి తీసుకెళ్లారు. పక్క లంకలో దొంగలు పడ్డారట. కిటికీ ఊచ తీసి, బిందెలతోపాటు గంగాళం కూడా పట్టుకుపోయారట. ఒక్క ఊచ తీసిన సందులోంచి గంగాళం ఎలా పట్టిందని అడక్కండి. కథలో పట్టింది.

నేను సుత్తి తీసి ఊచలు కొట్టడం మొదలుపెట్టాను. ఆరు ఊచలు ఖంగుమన్నాయి. నడిమి ఊచ కూడా ఖంగుమంది గాని, ఆ ఖంగులో ఏదో నవ్వు ఉంది. దాని మీద ఏళ్ల తరబడి రాసిన పసుపు అట్టకట్టి ఉంది. పట్టుకుని తిప్పాను. తిరగలేదు. ఎత్తాను. లేవలేదు. ఎడమకు సగం తిప్పి ఎత్తాను. వెన్నలోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది.

అందులోని పనితనం చూసి నాకు మతిపోయింది. పై కొయ్యలో బెజ్జం లోతుగా ఉంది. ఊచను దాన్లోకి ఎత్తితే కింది కొస బయటపడుతుంది. మధ్యలో ఎక్కడో చిన్న గాడి. లోపలి నుంచి పట్టుకున్నవాళ్లకే ఆ తిప్పు కుదురుతుంది. బయట నుంచి చెయ్యిపెట్టి తిప్పబోతే గోడ అంచు మణికట్టుకు అడ్డం వస్తుంది. బయటికి వెళ్లేవాళ్లకు దారి, లోపలికి వచ్చేవాడికి గోడ. అది చేసిన కలిదిండి కమ్మరి అప్పటికే పోయాడట. బతికుంటే వెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ణి. పోయాడు గనక అతని పనిని బాగుచేయడానికి పూనుకున్నాను.

"దాన్ని ముట్టుకోకు బాబూ," అన్నారు వెనక నుంచి మా చెల్లెలి అత్తగారు వీరాయమ్మగారు. సన్నగా, చీపురుపుల్లలా ఉండేవారు. మాట మాత్రం చీపురు తిరగేసినట్టుండేది.

"ఇది లేస్తోందండి అత్తయ్యగారూ."

"లేవడానికే పెట్టింది. అది గంగ ఊచ."

ఆ పక్క మిద్దె గదుల కిటికీలకు ఒక ఊచ అలా వదులుగా పెట్టించడం పాత అలవాటని ఆవిడ చెప్పారు. కొల్లేరు పొంగితే తలుపు మన మాట వినదు. కొయ్య నాని, ఉబ్బి, బిగుసుకుపోతుంది. అందుకని వెనక నీళ్లవైపు ఒక దారి. ఏటా తొలి వరద ఎర్రనీరు కొల్లేట్లోకి దిగిన రోజున ఇంటి పెద్ద ఆడమనిషి ఆ ఊచకు పసుపు రాసి, ఒకసారి ఎత్తి, మళ్లీ పెట్టేస్తుంది. తన అత్తగారు పోయిన నాటి నుంచి ఆవిడే చేస్తున్నారట.

అప్పటిదాకా నేను కొల్లేటి ఇళ్లలో వదులు ఊచ కనబడ్డప్పుడల్లా ఆ పక్క కమ్మరులకు పని చేతకాదనుకునేవాణ్ణి. ఏలూరులో నలుగురిలో వెక్కిరించాను కూడా. ఆవిడ చెప్పింది విన్నాక వెక్కిరించడం మానేశాను. కానీ నా చేతి దురద మానలేదు.

"గంగ ఊచైనా, యమున ఊచైనా లేవకూడదండి," అన్నాను.

"బిగించెయ్యండి బావగారూ," అన్నారు బావగారు. "నువ్వూరుకోవే అమ్మా. వరదొస్తే మనకి పడవుంది. దొంగొస్తే ఏముంది?"

"పడవ బయటుంటుందిరా. నేను లోపలుంటాను," అన్నారావిడ.

మగవాళ్ల దగ్గర జవాబు లేనప్పుడు ఏం చేస్తారో అదే చేశాం. గట్టిగా నవ్వాం.

మర్నాడు పని మొదలుపెట్టాను. ఊచను గాడిలో నిలబెట్టి, కిందా పైనా దాన్ని చుట్టి ఇనప పట్టీలు వేసి, చట్రానికి మరలతో బిగించాను. పట్టీనీ ఊచనీ కలిపి ఆరపార బెజ్జం తొలిచాను. రెండు బెజ్జాల్లోనూ ఎర్రగా కాల్చిన రివెట్టు చీల దూర్చి, రెండు కొసలూ పుట్టగొడుగుల్లా అణిగేదాకా కొట్టాను. బెజ్జం తొలిచినప్పుడు రాలిన ఇనప మెలిక ఒకటి బావగారి అరికాల్లో దిగి ఆయన చాలా రోజులు కుంటుతూ నడిచారు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, నేను బెజ్జం వెయ్యలేదేమోనని తరవాత కొందరన్నారు. బావగారి అరికాలు అందుకు సాక్షి.

ఊరంతా వచ్చి చూసింది. సరుకు పడవలు ఒంటిచేత్తో లాగే సత్తియ్య అనే అతను గోడకు కాళ్లు తన్నిపెట్టి ఊచను లాగాడు. పంచె చిరిగింది గాని ఊచ కదల్లేదు.

"ఆయ్, ఇది ఊడాలంటే గోడ రావాలండీ," అన్నాడు.

"గోడ వచ్చినా ఊచ రాదు సత్తియ్యా, గోడే ఊచని పట్టుకుని వేలాడుతుంది," అన్నాను నేను.

వీరాయమ్మగారు కొత్త రివెట్టు మీద వేలు పెట్టి తడిమి చూశారు. "బాగా బిగించావు బాబూ. నీళ్లొస్తే నువ్వే వచ్చి విప్పుదువుగాని," అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ పసుపు గిన్నె తెచ్చి, బిగించిన ఆ ఊచకే, పట్టీల మీదుగా, రోజూ ఇల్లాలు గడపకు రాసినంత మామూలుగా పసుపు రాసి వెళ్లిపోయారు.

ఆ ఏడే వానాకాలంలో మాణిక్యం కూతురికి అన్నప్రాశన. నేనూ మా ఆవిడా వెళ్లాం. రెండు రోజులుగా ముసురు. ఉదయాన్నే ముహూర్తం కాబట్టి అన్నప్రాశన నిర్విఘ్నంగానే జరిగింది. మేనమామ చేతి పాయసం పాప నా చొక్కా మీదికే తిరిగి పంపింది. భోజనాలవుతుండగా కబురొచ్చింది. ఎగువ ఏరు గట్టు తెంచుకుందట. నీళ్లు ఇటే వస్తున్నాయట.

కొల్లేటి వాళ్లకు నీళ్లు కొత్త కాదు. కంగారు లేకుండా ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. వచ్చిన చుట్టాలందర్నీ ఎత్తు అరుగుల మీద కట్టిన బడికి పంపారు. మా ఆవిడ వాళ్లతో వెళ్లింది. బావగారూ నేనూ పడవలో గేదెల్ని గట్టుకు తోలడానికి వెళ్లాం. మాణిక్యం పాపను చంకనేసుకుని, అత్తగారితో కలిసి మిద్దె గదిలో సామాను అటక మీదికి సర్దుతోంది. మేం వచ్చి వాళ్లను పడవెక్కించుకోవాలి. అదీ అనుకున్నది.

మేం గట్టు మీద ఉండగా గాలి లేచింది. తాటిచెట్లు నేలకు దణ్ణాలు పెట్టాయి. తిరిగి వచ్చేసరికి పట్టపగటి మబ్బు వెలుతుర్లో ఇంటి ముందుభాగాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. వసారా కప్పు మొత్తం కూలి, దూలాలూ వాసాలూ పెంకులూ కలిసి మిద్దె గది తలుపుకు అడ్డంగా పడ్డాయి. నీళ్లు ఆ గుట్ట మీదుగా సుడి తిరుగుతున్నాయి. ఇంటి వెనక నుంచి మాణిక్యం కేక వినబడింది.

పడవను కిటికీ దగ్గరికి తిప్పాం. గదిలో నీళ్లు నడుము దాటాయి. అత్తాకోడళ్లు పందిరిమంచం మీద నిలబడి ఉన్నారు. పాప మాణిక్యం భుజం మీద ఉంది. పైన మిద్దె. పెంకులైతే పైనుంచి తీసి లాగేవాళ్లం. ఆ గదిని దొంగ రాకుండా కట్టారు. మనిషి పోకుండా కూడా అదే పనికొచ్చింది.

బావగారు ముందువైపుకు ఈది వెళ్లి దూలాల కింద మునిగారు. మునిగి లేచిన ప్రతిసారీ ఆయన చేతుల నుంచి నెత్తురు కారుతూనే ఉంది. దూలం కదల్లేదు. నేను పడవ గెడను ఊచల మధ్య దూర్చి మీటాను. గెడ విరిగింది. నా సుత్తి, ఉలి, రంపం అన్నీ ఏలూరులో ఉన్నాయి. అన్నప్రాశనకు ఎవరు తెస్తారు?

రెండు చేతులతో నడిమి ఊచ పట్టుకున్నాను. పైనా కిందా నా రివెట్లు నిగనిగలాడుతున్నాయి. నా జన్మలో అంత గట్టి పని ఇంకోటి చెయ్యలేదు. దాన్ని విరగ్గొట్టడం నావల్ల కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"అన్నయ్యా, పాపనైనా పట్టుకో," అంది మాణిక్యం. ఊచల మధ్య నుంచి పాప కాళ్లు వచ్చాయి. నడుము వచ్చింది. తల దగ్గర ఆగిపోయింది. "అన్నయ్యా, తల పట్టట్లేదు," అంది. అరవలేదు. చిన్నప్పుడు జడ చిక్కు పడితే చెప్పినట్టే చెప్పింది.

పాపను మళ్లీ లోపలికి తీసుకున్నాం. నీళ్లు మంచం పందిరి కర్రల సగానికి వచ్చాయి.

అప్పుడు వీరాయమ్మగారు కొంగు పిండుకుని, నడుముకు బిగించుకున్నారు. ఆవిడ మొహంలో భయం నాకు కనబడలేదు. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే లేచిన ఇల్లాలి తొందర మాత్రం కనబడింది.

"పక్కకి జరగవే మాణిక్యం," అన్నారు. తరవాత నావైపు చూసి, "బాబూ, నీ చెయ్యి తియ్యి," అన్నారు.

తీశాను.

ఆవిడ తడి అరచేత్తో ఊచను పైనుంచి కిందికి ఒకసారి నిమిరారు. ఎడమకు సగం తిప్పారు. ఎత్తారు.

ఊచ లేచింది.

నేను చెవితో బతికినవాణ్ణి. ఆ సమయంలో గాలి, వాన, నీళ్లు ఎంత హోరు చేస్తున్నా నా చెవి ఆ ఊచకు మూరెడు దూరంలో ఉంది. రివెట్టు తెగితే పటుక్కుమంటుంది. పట్టీ విడితే కీచుమంటుంది. కొయ్య చీలితే చెప్పనే అక్కర్లేదు. ఏ చప్పుడూ కాలేదు. పులుసులోంచి ములక్కాడ తీసినంత నెమ్మదిగా ఆవిడ ఆ ఊచను తీసి, కింది కొస లోపలికి లాక్కున్నారు.

ఆ క్షణంలో ఆశ్చర్యపడే తీరిక నాకు లేదు. పాప వచ్చింది. మాణిక్యం పక్కకు తిరిగి, భుజం దోక్కుపోతున్నా లెక్కచెయ్యకుండా వచ్చింది. వీరాయమ్మగారు అందరికన్నా వెనక వచ్చారు. రాబోయే ముందు ఊచను నా చేతికందించి, "పట్టుకో. ఇంటి సొత్తు," అన్నారు. నేను బావగార్ని కేకేశాను. ఆయన ఈదుకుంటూ వచ్చి, పడవలో ఉన్నవాళ్లను ఒకళ్ల తరవాత ఒకళ్లను తాకి తాకి చూశారు. తల్లిని రెండుసార్లు తాకారు.

బడి చేరేదాకా ఆ ఊచ నా ఒళ్లోనే ఉంది. మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. బడి అరుగు మీద కూర్చుని, బెజ్జం కోసం తడిమాను. కింది కొస దగ్గర లేదు. తిరగేసి పై కొస తడిమాను. అక్కడా లేదు. మా ఆవిడను పిలిచి ఆవిడ వేళ్లతో వెతికించాను. పాత తుప్పు గుంటల్లో పసుపు ఉంది. బెజ్జం మాత్రం లేదు.

నీళ్లు తీశాక బావగారూ, సత్తియ్యా, నేనూ వెళ్లి కిటికీ చూశాం. అటు మూడు ఊచలు, ఇటు మూడు ఊచలు, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటికి నేను పట్టీలేవీ వెయ్యలేదు, ఇప్పుడు తట్టి చూస్తే మునుపటిలాగే ఖంగుమన్నాయి. నడిమి ఊచ పట్టీలు రెండూ చట్రానికే ఉన్నాయి. ఒక్క మర వదులవలేదు. పట్టీల్లో నా రివెట్లు ఈ చెంప నుంచి ఆ చెంపకు ఆరపార ఉన్నాయి. రెండు వైపులా తలలు నేను అణచినవి అణచినట్టే ఉన్నాయి. వాటి మధ్య ఊచ ఉండాల్సిన చోట గాలి ఉంది.

సత్తియ్య రివెట్టును గోటితో గీరి చూశాడు. వంగి కింద నుంచి చూశాడు. తరవాత చెప్పులు విడిచి, కిటికీకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాను. కాలవల డిపార్టుమెంటులో పనిచేసే ఒక ఇంజనీరుగారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, తడికి కొయ్య ఉబ్బి రివెట్లు తెగి ఉంటాయన్నారు. కొయ్య ఉబ్బితే ఊచ ఇంకా బిగుస్తుంది గదండీ అన్నాను. తెగితే తెగిన ముక్కలుండాలి గదండీ అన్నాను. ఇదిగో తెగని రివెట్టు అని చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తుడుచుకున్నారు. నేను అసలు బెజ్జమే వేసి ఉండనన్నారు. బావగారు చెప్పు విడిచి అరికాలు చూపించారు. ఇంజనీరుగారు కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఊచ మారిపోయిందేమోనన్నారు మరొకరు. ఎలా మారుతుంది? కిటికీకి ఉన్నవి ఏడే. ఆరు గోడకున్నాయి, ఒకటి నా చేతిలో ఉంది. ఆ కిటికీకి ఎనిమిదో ఊచ ఎన్నడూ లేదు. నా కొలతకు, నా చెవికి అది అదే ఊచ.

చివరికి మిగిలింది ఆవిడను అడగడమే. పెసరట్లు పోస్తుండగా వెళ్లి పీట వాల్చుకు కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, ఆ రోజు ఎలా తీశారండీ?"

"ఎడమకు తిప్పి ఎత్తాను. ఇంకెలా తీస్తారు?"

"మరి రివెట్లండీ?"

"అవి నీవి బాబూ. వాటి సంగతి నాకేం తెలుసు?"

"అవి ఉండగా ఊచ రాదు గదండీ!"

ఆవిడ అట్టు తిరగేసి నావైపు చూశారు. ఆ చూపులో గొప్ప లేదు, గుట్టు కూడా లేదు. అడగరానిది అడిగిన పిల్లవాడి మీద ఉండేపాటి విసుగుంది. "పిల్ల నీళ్లలో ఉంటే, వస్తుందా రాదా అని చూస్తూ కూర్చుంటామా?" అన్నారు. "చల్లారిపోతోంది, తిను."

ఆ తరవాత కూడా మూడు నాలుగుసార్లు అడిగాను. ప్రతిసారీ తినడానికి ఏదో పెట్టారు గాని, ఇంకో మాట చెప్పలేదు. నా జీవితంలో మొండివాళ్లను చాలామందిని చూశాను. ధైర్యవంతులను కొద్దిమందిని చూశాను. చేసిన పనిని ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పుకోనివాళ్లను మాత్రం ఆవిడనొక్కర్నే చూశాను. నాలాంటివాడికి అది వరదకన్నా పెద్ద వింత.

వీరాయమ్మగారు నిండుగా బతికి, కొన్నేళ్లకు పోయారు. కూలిన వసారా మళ్లీ కట్టారు. ఆ కిటికీని మాత్రం బావగారు ముట్టనివ్వలేదు. ఊచను మళ్లీ పెట్టాలని నేను ఒకసారి చూశాను. ఎటు నుంచి తెచ్చినా రివెట్టు అడ్డం వస్తుంది. రివెట్టు తెంపకుండా అది ఆ పట్టీలోకి వెళ్లదు. తెంపుదామని ఉలి ఆనించి, సుత్తి ఎత్తి, దించేశాను. ఊచ ఆ గది మూలనే నిలబెట్టి ఉంది. దొంగల భయంతో నన్ను పిలిపించిన బావగారే ఇప్పుడు ఆ సందు పక్కన మంచం వేసుకుని హాయిగా పడుకుంటున్నారు.

మొన్న వెళ్లినప్పుడు ఆనాటి పాప నన్ను చెయ్యి పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. ఇప్పుడు దానికి రెండు జడలు, పెద్ద నోరు. "మావయ్యా, ఇక్కడ ఊచ ఎందుకు లేదు?" అంది.

"మీ మామ్మ తీసిందమ్మా."

"మళ్లీ పెట్టెయ్యి."

"అది ఇందులో పట్టదు."

పాప ఊచ దగ్గరికి వెళ్లి చూసింది. వచ్చి పట్టీలో వేలుపెట్టి, రివెట్టును ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది.

"మరి అప్పుడెలా వచ్చింది మావయ్యా?"

"ఎడమకు తిప్పి ఎత్తిందమ్మా," అన్నాను. పాప కాసేపు నా మొహంలోకి చూసింది. తరవాత నా మీద జాలిపడినట్టు తల ఊపి, ఆ సందులోంచి పక్కకు తిరిగి అవతలికి దూకి, ఆడుకోవడానికి పోయింది.